ఒక కాన్పు, రెండు గుంపులు: ఇంటి ఉప్పునీటి ట్యాంకులో అనిమోన్ పిల్లల పెంపకం

ఇంటి ట్యాంకులో సీ అనిమోన్ (పువ్వులా కనిపించే సముద్ర జంతువు) పిల్లల్ని పెట్టడం వింతేమీ కాదు. ముఖ్యంగా రాక్ ఫ్లవర్ అనిమోన్లయితే, ఆడా మగా రెండూ ఉండి నీళ్లు నిలకడగా ఉన్న చోట ఏదో ఒక రోజు రాళ్ల సందుల్లో పిల్లలు కనబడతాయి. ఆ పిల్లలు వేలి గోరంత అయ్యేదాకా బతకడమే అరుదు. మొదటి కొన్ని వారాల్లోనే ఒక్కొక్కటిగా మాయమవుతాయి. ఎందుకు పోతున్నాయి, ఏం చేస్తే నిలుస్తాయి అనేది తెలుసుకోవాలని మా ట్యాంకులో జరిగిన ఒక కాన్పును దగ్గరుండి చూశాను. పిల్లల్లో కొన్నిటిని విడిగా పెంచి, కొన్నిటిని తల్లి ఉన్న ట్యాంకులోనే వదిలేశాను.

నాకు తేలింది ముందే చెబుతాను. మేత ప్రతి పిల్ల నోటి దగ్గరికీ చేరాలి, తినగా మిగిలింది ఆ రోజే బయటికి పోవాలి. పిల్లలు నిలిచేది ఈ రెంటి మీదే. లైటు, బాక్సు, పంపు అన్నీ వీటికి వీలు కల్పించే ఏర్పాట్లు.

ఏ అనిమోన్, ఎలాంటి ట్యాంకు

రాక్ ఫ్లవర్ శాస్త్రీయ నామం ఎపిసిస్టిస్ క్రూసిఫర్. పాత పుస్తకాల్లో ఫైమాంథస్ క్రూసిఫర్ అని ఉంటుంది. ఫ్లోరిడా, కరేబియన్ తీరాలు దీని సొంత చోటు. లోతు తక్కువ నీళ్లలో రాతి పగుల్లోనో, ఇసుక కింద ఉన్న రాయి మీదో పాదం అంటించుకుంటుంది. ఒళ్లంతా దాచుకుని గుండ్రటి డిస్క్ మాత్రం పైకి పెడుతుంది. డిస్క్ నడుమ నోరు, అంచున పొట్టి టెంటకిల్స్ (మేతను పట్టే వేళ్లలాంటి తీగలు). బబుల్ టిప్ అనిమోన్ మాదిరి ట్యాంకంతా తిరిగి పగడాల్ని కుట్టే రకం కాదు. చోటు నచ్చితే అక్కడే ఉండిపోతుంది. అందుకే చిన్న ట్యాంకు ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఈ అనిమోన్ పేరే.

ఈ రెండింటికీ ఇంకో పెద్ద తేడా ఉంది. బబుల్ టిప్ ఇళ్లలో ఎక్కువగా రెండుగా చీలి పెరుగుతుంది. చీలిన రెండూ ఒకే జీవి నకళ్లు. రాక్ ఫ్లవర్లలో ఆడ వేరు, మగ వేరు. మగది వీర్యాన్ని నీళ్లలోకి వదిలితే, ఆడదాని ఒంట్లోనే గుడ్లు ఫలదీకరణం చెందుతాయి. పిల్లలు అక్కడే పొట్ట కుహరంలో పెరిగి నోటి గుండా బయటికి వస్తాయి. అనిమోన్‌కు మలద్వారం విడిగా ఉండదు. తినడానికి, విసర్జించడానికి, కనడానికి అన్నిటికీ ఆ నోరే దారి.

మేముండేది డాలస్ దగ్గర. ట్యాంకు 40 గాలన్లది, అంటే సుమారు 150 లీటర్లు. కింద చిన్న సంప్ (నీళ్లు శుభ్రమయ్యే అదనపు తొట్టి), అందులో ప్రొటీన్ స్కిమ్మర్ (బుడగలతో నీళ్లలోని మలినాల్ని లాగే పరికరం). ట్యాంకులో లైవ్ రాక్ (మేలు చేసే సూక్ష్మజీవులుండే సముద్రపు రాళ్లు), రెండంగుళాల ఇసుక, ఒక జత క్లౌన్ చేపలు, కొన్ని నత్తలు, హెర్మిట్ పీతలు, ఒక పెప్పర్‌మింట్ రొయ్య. ఒక మూలగా ఐదు రాక్ ఫ్లవర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఇవి పక్కపక్కన ఉన్నా కుట్టుకోవు. ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35), ఉష్ణోగ్రత 25 నుంచి 26 డిగ్రీల సెల్సియస్, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ల శక్తి) 8–9 డీకేహెచ్, నైట్రేట్ 5–10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 5–10), అమ్మోనియా సున్నా. ఈ అంకెలు సరిగ్గా ఇంతే ఉండాలని కాదు గానీ ఈ రోజు ఒకటి, రేపు ఒకటి అన్నట్టు ఊగకూడదు. నైట్రేట్ సున్నాకు దించాలని పట్టుబట్టేవాళ్లను చూస్తుంటాను. అనిమోన్ ఒంట్లో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలకు కూడా కొంత పోషకం కావాలి. మరీ శుభ్రమైన నీళ్లలో ఇవి పాలిపోవడం నేను చూశాను.

హైదరాబాద్, విజయవాడల్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టేవాళ్లకు ఇక్కడ ఒక మాట. ఉప్పు కలపడానికి తాగునీటి ఆర్వో యంత్రం నీళ్లు వాడొద్దు. వాటిలో కొన్నిట్లో రాగి కాట్రిడ్జ్ ఉంటుంది. మనుషులకు మంచిదని అమ్మే ఆ రాగి, వెన్నెముక లేని సముద్ర జీవులకు విషం. కొంచెం ఉన్నా అనిమోన్ ముడుచుకుపోతుంది. విడిగా ఆర్వో పెట్టుకుని, ఆ తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికలు) గుండా పంపి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల కొలత) సున్నా చూపిస్తేనే ఉప్పు కలపండి.

పిల్లలా, ఐప్టేషియానా?

ఒక సాయంత్రం లైట్లు ఆరే వేళకు నీళ్లు తెల్లగా మసకబారాయి. ఒక రాక్ ఫ్లవర్ నోటి నుంచి తెల్లటి పొగ సన్నగా వస్తోంది. మగది వీర్యం వదులుతోందని అర్థమైంది. దాన్ని లాగేయకుండా స్కిమ్మర్ కాసేపు ఆపాను. కొన్ని వారాల తర్వాత, ఆకుపచ్చ డిస్క్, నారింజ అంచు ఉన్న పెద్ద అనిమోన్ చుట్టూ ఇసుక మీద ఆవగింజంత చుక్కలు కనిపించాయి. టార్చ్ వేసి భూతద్దంతో చూస్తే ప్రతి చుక్కకీ టెంటకిల్స్ ఉన్నాయి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించవు. అదే రాత్రి తల్లి నోరు తెరిచి ఇంకో రెండింటిని బయటికి తోసింది. ఆ దృశ్యం మా అమ్మాయి, నేను కలిసి చూశాం.

ఫోటో పంపితే ఇక్కడే ఉండే ఒక తమ్ముడు వెంటనే ఫోన్ చేశాడు. "అన్నా, అవి ఐప్టేషియా. ఇప్పుడే చంపెయ్, లేకపోతే ట్యాంకంతా పట్టేస్తాయి" అన్నాడు. అతని భయంలో తప్పు లేదు. ఐప్టేషియా అంటే ఉప్పునీటి ట్యాంకుల్లో కలుపు అనిమోన్. పాదం అంచు నుంచి చిన్న ముక్క విడిపోయినా అది ఇంకో జీవిగా పెరుగుతుంది. అయితే ఈ రెంటినీ గుర్తుపట్టకుండా మందు కొడితే చచ్చేది రాక్ ఫ్లవర్ పిల్లలే. ఈ గుర్తింపు దగ్గరే చాలా కాన్పులు ముగిసిపోతాయని నాకు గట్టి నమ్మకం.

తేడా పట్టుకోవడం ఇలా. ఐప్టేషియా కాడ పొడుగ్గా, సన్నగా ఉంటుంది. టెంటకిల్స్ పొడుగ్గా, కొస దగ్గర సూదిగా ఉంటాయి. ముట్టుకుంటే రెప్పపాటులో రంధ్రంలోకి లాక్కుంటుంది. రాక్ ఫ్లవర్ పిల్ల పొట్టిగా, నేలకు కరుచుకుని ఉంటుంది. టెంటకిల్స్ పొట్టిగా, మొద్దుగా, డిస్క్ అంచున వరసలుగా ఉంటాయి. ముట్టుకుంటే నెమ్మదిగా ముడుచుకుంటుంది. ఇంకొంచెం పెరిగాక దాని ఒంటి మీద చిన్న చిన్న బొడిపెలు కూడా కనిపిస్తాయి, వాటికి ఇసుక రేణువులు అంటుకుని ఉంటాయి. ఇంకా అనుమానం తీరకపోతే రెండు వారాలు ఆగండి. ఆ కాస్త కాలంలో ఐప్టేషియా ట్యాంకును ముంచేయదు.

పిల్లల్ని విడదీయడం

ముప్పైకి పైగా పిల్లలు కంటికి కనిపించాయి. వీటిని రెండు గుంపులు చేశాను. లైవ్ రాక్ పగుళ్లలో పాదం పెట్టేసినవాటిని కదపలేదు, అక్కడే వదిలేశాను. ఇసుక మీద, గవ్వల మీద, అద్దం మీద ఉన్నవాటిని బ్రీడర్ బాక్సులోకి మార్చాను.

అనిమోన్‌లో అన్నిటికన్నా సుకుమారమైనది పాదం. టెంటకిల్ తెగినా బతికే జీవి, పాదం చిరిగితే కుళ్లి చనిపోయే ప్రమాదం ఉంది. గవ్వ మీద ఉన్నదాన్ని గవ్వతో సహా తీశాను. ఇసుక మీద ఉన్నవాటిని వెడల్పు మూతి పిపెట్‌తో మెల్లగా పీల్చాను. అద్దం మీద ఉన్నవాటి అంచు కిందికి మెత్తటి ప్లాస్టిక్ కార్డు జరిపి, అవే పట్టు వదిలేదాకా ఆగాను. గట్టిగా పట్టుకున్న పిల్లను గీకి తీయకూడదు. అది అక్కడే ఉండాలనుకుంటే ఉండనివ్వడమే మేలు.

బాక్సు ట్యాంకు బయటివైపు తగిలించేది, రెండు లీటర్లు పడుతుంది. ఎయిర్ పంపు బుడగలు ట్యాంకు నీళ్లను అందులోకి ఎత్తుతాయి, అవి మళ్లీ ట్యాంకులోకే పొర్లుతాయి. పొర్లే చోట సన్నటి మెష్ పెట్టాను. విడి గిన్నెలో పెంచకుండా ఈ ఏర్పాటు ఎందుకంటే, రెండు లీటర్ల నీళ్లలో కొంచెం మేత కుళ్లినా అమ్మోనియా పెరుగుతుంది. అదే 150 లీటర్లతో కలిసి తిరుగుతుంటే పిల్లలకు అంత దెబ్బ తగలదు. ఉష్ణోగ్రత, ఉప్పదనం తల్లి దగ్గర ఎలా ఉన్నాయో ఇక్కడా అలాగే ఉంటాయి.

బాక్సు అడుగున పగడపు ముక్కలు అతికించుకునే పింగాణీ ఫ్రాగ్ ప్లగ్‌లు పక్కపక్కనే పేర్చాను. ఒక్కో ప్లగ్ మీద ఒక్కో పిల్లను వదిలి, అది అంటుకునేదాకా గాలి ఆపాను. ఈ కేసులో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన నిర్ణయం ఇదే. పిల్ల ప్లగ్‌కు అంటుకుంటే ఆ తర్వాత దాన్ని ఎక్కడికి మార్చాలన్నా ప్లగ్ ఎత్తితే చాలు, పాదం జోలికి పోనక్కర్లేదు.

లైటు గురించి ఒక జాగ్రత్త. తల్లి ట్యాంకు అడుగున ఉంటుంది, బాక్సు పైన, దీపానికి చాలా దగ్గరగా ఉంటుంది. అదే లైటు పిల్లల మీద ఎన్నో రెట్లు పడుతుంది. అందుకని మొదట్లో బాక్సు మూత మీద తెల్లటి పలచటి ప్లాస్టిక్ షీటు వేసి, కొన్ని వారాల్లో మెల్లగా తీసేశాను. లేత గోధుమ రంగు తగ్గి పిల్ల గాజులా కనబడితే లైటు ఎక్కువైందనో, ఆకలితో ఉందనో అర్థం.

మేత

కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "లైటు ఉంది కదా, శైవలాలు తిండి తయారు చేస్తాయి కదా, మళ్లీ మేత ఎందుకు?" అని. పెద్ద అనిమోన్‌కు ఆ మాట కొంతవరకు సరిపోతుంది. పెరిగే పిల్లకు ఒళ్లు కట్టడానికి ప్రొటీన్ కావాలి. వెలుతురు నుంచి వచ్చేది ఎక్కువగా చక్కెరలు, కొవ్వులు. వాటితో బతుకుతుంది గానీ పెరగదు. పెరగని పిల్లను ఏదో ఒకటి తినేస్తుంది, లేదా పాచి కప్పేస్తుంది.

కోస్తా ఆంధ్రలో రొయ్యల హేచరీల గురించి తెలిసినవాళ్లకు ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి) కొత్త కాదు. రొయ్య పిల్లలకు పెట్టే ఆ మేతే వీటికీ సరిపోతుంది. అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్ల అర మిల్లీమీటరు కన్నా చిన్నది. రెండు మిల్లీమీటర్ల అనిమోన్ నోట్లో సులువుగా పడుతుంది. పైగా ప్రాణంతో కదులుతుంది కాబట్టి టెంటకిల్‌కు తగలగానే దంశ (కుట్టే) కణాలు పేలి పట్టేసుకుంటాయి. లీటరు సీసాలో 25 గ్రాముల దాకా ఉప్పు, చిటికెడు గుడ్లు వేసి, అడుగు నుంచి గాలి బాగా కొట్టిస్తూ, 27–28 డిగ్రీల్లో లైటు కింద ఉంచితే ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి. అడుగున టార్చ్ పెడితే పిల్లలన్నీ అక్కడికి చేరతాయి. వాటిని గొట్టంతో లాగి, సన్నటి వలలో పోసి, శుభ్రమైన ఉప్పునీటితో కడగాలి. పెంకులు వెళ్లకుండా చూసుకోండి, అవి అరగవు. పొదిగిన కొన్ని గంటల్లోనే పెట్టేయాలి. ఆర్టీమియా ఒంట్లోని పచ్చసొన తొందరగా కరిగిపోతుంది. నిన్నటివి పెడితే అనిమోన్ కడుపు నిండుతుంది గానీ బలం తక్కువ.

పెట్టే పద్ధతి: ముందు బాక్సుకు గాలి ఆపాలి. పిపెట్‌లో కొద్దిగా తీసుకుని, పిల్ల పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు ఒక అంగుళం దూరంలో నెమ్మదిగా వదలాలి. జోరుగా వదిలితే ముడుచుకుపోతుంది, ఆ పూటకి ఇక తినదు. ఒక టెంటకిల్ అంటుకోవడం, అది నోటివైపు వంగడం, నోరు తెరుచుకోవడం భూతద్దంలో స్పష్టంగా కనబడుతుంది. పావుగంట ఆగి గాలి మళ్లీ వదలాలి. గంట తర్వాత ఎయిర్‌లైన్ ట్యూబుతో అడుగున మిగిలిందంతా లాగేయాలి. మొదటి నెలంతా రోజూ పెట్టాం, ఆ తర్వాత రోజు విడిచి రోజు. మేత పని మా అమ్మాయి తీసుకుంది, ఆ తర్వాత శుభ్రం చేయడం నాది.

నెల దాటాక మైసిస్ రొయ్యను బ్లేడుతో సన్నగా తరిగి ఇవ్వడం మొదలుపెట్టాం. ముక్క పరిమాణం దగ్గర చాలామంది బోల్తా పడతారు. అనిమోన్ తన నోటి కన్నా పెద్ద ముక్కను కూడా మింగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మరుసటి రోజు అదే ముక్కను జిగురుతో కలిపి కక్కేస్తుంది. అరిగించుకోవడానికి పడిన శ్రమ అంతా వృథా, పైగా కక్కినది నీళ్లను పాడుచేస్తుంది. డిస్క్ వెడల్పులో మూడో వంతుకు మించిన ముక్క నేనెప్పుడూ పెట్టను. తిన్న మర్నాడు పిల్ల ముడుచుకుపోయి, గోధుమ రంగు చిన్న ఉండ బయటికి తోస్తే కంగారు పడొద్దు, అది మామూలు విసర్జనే.

రెండు గుంపులకు ఏమైంది

బాక్సులో మొదట్లో కొన్ని పోయాయి. ఏ ప్లగ్‌కూ అంటుకోకుండా మూలకు దొర్లినవి, తీసేటప్పుడే బలహీనంగా కనిపించినవి. నోరు తెరుచుకుని అలాగే ఉండటం, ముట్టుకుంటే కదలకపోవడం, ఒంటి నుంచి తెల్లటి తీగలు సాగడం చనిపోతున్న గుర్తులు. చనిపోయిన అనిమోన్ గంటల్లో కరిగి నీళ్లు చెడగొడుతుంది, కాబట్టి అనుమానం రాగానే ఆ ప్లగ్ బయటికి తీసి వేరే గిన్నెలో పెట్టేవాళ్లం. మొదటి మూడు వారాలు దాటాక బాక్సులో నష్టం దాదాపు ఆగిపోయింది.

ట్యాంకులో వదిలినవాటి కథ వేరు. ఎర్ర కాంతి టార్చ్‌తో రాత్రి పూట చూస్తే కారణం కనిపించింది. పెప్పర్‌మింట్ రొయ్య పిల్లల మీదకెక్కి నోట్లోని మేతను లాగుతోంది. ఐప్టేషియాను తింటుందని మనమే తెచ్చుకునే రొయ్య ఇది, చిన్న అనిమోన్ ఏదైనా దానికి ఒకటే. హెర్మిట్ పీతలు వాటి మీదుగా నడిచి రాయి నుంచి ఊడదీశాయి. ఊడినవి నీటి వాలులో పవర్‌హెడ్ (నీళ్లను తోసే చిన్న పంపు) వైపు కొట్టుకుపోయే ప్రమాదం ఉంది. దాని మూతికి స్పాంజ్ కట్టి ఉండబట్టి కొన్ని దానికి అతుక్కుని బతికాయి. చివరికి ట్యాంకులో నిలిచినవి కొన్నే. అవన్నీ తల్లికి ఆనుకుని ఉన్నవి, తల్లికి పెట్టిన మైసిస్ తునకలు అందినవి. తల్లి కావాలని పెట్టలేదు, పక్కన ఉండటం వల్ల దొరికాయి. నోటి దగ్గరికి మేత చేరడమే తేడా తెచ్చిందని ఆ గుంపు కూడా నాకు చూపించింది.

బాక్సులో కాలం గడిచేకొద్దీ ఇంకో సమస్య వచ్చింది. ఒకే కాన్పు పిల్లలైనా కొన్ని రెండింతలు పెరిగాయి, కొన్ని అలాగే ఉండిపోయాయి. పెద్దవి పొడుగు టెంటకిల్స్‌తో మేతంతా ముందే పట్టేస్తున్నాయి. ప్లగ్‌లను పరిమాణం ప్రకారం రెండు వైపులకు సర్ది, చిన్నవాటికి ముందు పెట్టడం మొదలుపెట్టాక అవి కూడా కోలుకున్నాయి. ప్లగ్‌ల మీద గోధుమ రంగు డయాటమ్ పాచి పేరుకుంటే ఒక చిన్న సెరిత్ నత్తను వేశాను. పెద్ద నత్తలు వేయొద్దు, ప్లగ్‌లు తిరగేస్తాయి.

టెక్సస్ వేసవిలో గాలివానలకు కరెంటు పోవడం మామూలే. అప్పుడు మొదట దెబ్బ తినేది రెండు లీటర్ల బాక్సే. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి పక్కన ఉంచుకోండి. అది కూడా లేకపోతే ప్లగ్‌లను ఒక ట్రేలో పెట్టి ట్యాంకులోకే దించేయండి.

మూడు నెలలకు చాలావాటి డిస్క్ సెంటీమీటరు వెడల్పు అయింది. అప్పటిదాకా అన్నీ ఒకేలా లేత గోధుమ రంగులో ఉన్నవి, అక్కడి నుంచి రంగు తేలడం మొదలైంది. ఒకటి తల్లిలా ఆకుపచ్చ. ఇంకొకటి బూడిద రంగు మీద తెల్లటి చారలు. ఒకదానికి ఐదు పెద్దవాటిలో దేనికీ లేని ఊదా రంగు అంచు. చీలికతో వచ్చే బబుల్ టిప్‌లో ఇది చూడలేం. ప్రతి పిల్లా ఒక కొత్త కలయిక. ఆ రంగుల కోసమే దుకాణాల్లో వీటికి ధర పలుకుతుంది, ఆ ధర కోసమే సముద్రం నుంచి తీస్తారు. ఫ్లోరిడాలో కాండిలాక్టిస్ అనే ఇంకో రకం అనిమోన్లు తగ్గిపోవడంతో 2012లో అక్కడి ప్రభుత్వం వాటి సేకరణను ఆపేసింది. ఇంట్లో పుట్టి పెరిగిన ప్రతి రాక్ ఫ్లవర్‌తో సముద్రం నుంచి తీయాల్సినది ఒకటి తగ్గుతుందని నమ్మే ఇంత శ్రమ పడుతున్నాను. విశాఖ తీరంలో అలలు వెనక్కి పోయినప్పుడు రాతి గుంటల్లో మన అనిమోన్లు కనిపిస్తాయి. వాటిని చూడండి, ఫోటోలు తీసుకోండి, రాయి నుంచి మాత్రం పెకలించకండి.

అనిమోన్ ఎంతకాలం బతుకుతుందో తెలిస్తే ఈ మాట బరువు అర్థమవుతుంది. 1828లో సర్ జాన్ డాల్యెల్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త నార్త్ బెర్విక్ తీరంలో ఒక అనిమోన్‌ను తెచ్చి గాజు జాడీలో పెంచాడు. ఆయన 1851లో పోయినా అది బతికే ఉంది, చేతులు మారింది. అందరూ దాన్ని గ్రానీ అని పిలిచేవారు. 1857లో ఒక్క రాత్రిలో 240 పిల్లల్ని కన్నది. 1887లో చనిపోయింది. పంపు లేదు, లైటు లేదు. మనుషులు విసుక్కోకుండా సముద్రపు నీళ్లు మార్చారు, మేత పెట్టారు, అంతే.

డిస్క్ రెండు సెంటీమీటర్లు దాటి, పిపెట్ సాయం లేకుండా నీళ్లలో తేలే మేతను తనంతట పట్టుకుని తింటేనే పిల్లను ఇంకొకరికి ఇస్తాను. అంతకన్నా ముందు అడిగినవాళ్లకు ఆగమనే చెప్పాను. ఇచ్చే ముందు రెండు రోజులు మేత ఆపాలి. లేకపోతే దారిలో కక్కి సంచిలో నీళ్లు పాడవుతాయి. ప్లగ్‌తో సహా సంచిలో దించి, మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి ఉంచి కట్టాలి. తీసుకున్నవాళ్లు కొత్త ట్యాంకు నీళ్లను గంటసేపు కొద్దికొద్దిగా కలిపి, ఉప్పదనం రెండు వైపులా ఒకటే అయ్యాక, ప్లగ్‌ను ఇసుకలో సగం దిగేలా గుచ్చి, మొదటి వారం పెప్పర్‌మింట్ రొయ్య లేని చోట ఉంచాలి. పిల్ల అక్కడ కుదురుకున్నాక ప్లగ్ వదిలి తనంతట తానే పక్క రాయి మీదికి జరుగుతుంది, అప్పుడు ప్లగ్ తీసేయొచ్చు.